వేడి ఎంత, ఎంతసేపు, ఆ తర్వాతేమిటి: ఆయిల్ షేల్ ఉష్ణవిచ్ఛేదనపై ఒక సమీక్ష

1850లో స్కాట్లండ్ రసాయనవేత్త జేమ్స్ యంగ్ ఒక పేటెంటు తీసుకున్నాడు. బొగ్గును వేడిచేయడం అప్పటికి కొత్త సంగతేమీ కాదు. దీపాల గ్యాసు కోసం నగరాల్లోని గ్యాసు కర్మాగారాలు బొగ్గును ఎర్రగా కాగిన, రిటార్టులనే మూసిన పాత్రల్లో వేసి పెద్ద మంట మీద కాలుస్తూనే ఉన్నాయి. యంగ్ చేసిందల్లా మంట తగ్గించి, వేడిని మెల్లగా పెంచడమే. దాంతో గ్యాసు తగ్గింది. దీపంలో పోసుకునే నూనె, కొవ్వొత్తులకు పనికొచ్చే పారఫిన్ మైనం చేతికొచ్చాయి. సరుకు అదే, వేడిచేసే తీరు మారింది, దాంతో ఫలితమే మారిపోయింది. కొన్నేళ్లకే ఆ పద్ధతి వెస్ట్ లోథియన్ ప్రాంతపు ఆయిల్ షేల్‌కు పాకింది. అక్కడ నిలదొక్కుకున్న పరిశ్రమ 1962 దాకా నడిచింది.

ఆయిల్ షేల్‌ను ఏ పరిస్థితుల్లో వేడిచేస్తే ఎంత చమురు వస్తుంది, ఎలాంటి చమురు వస్తుంది అన్న ప్రశ్న అక్కడే మొదలైంది. ఆ తర్వాత అమెరికా, ఎస్తోనియా, చైనా, బ్రెజిల్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియాలలో దీని మీద లెక్కలేనన్ని ప్రయోగాలు జరిగాయి. వాటి ఫలితాలను పక్కపక్కన పెట్టి చదివితే ఒకదానితో ఒకటి పొసగనట్టే ఉంటాయి. వేగంగా వేడిచేస్తే చమురు పెరుగుతుందని ఒకరు రాస్తే, మెల్లగా వేడిచేస్తేనే మంచి చమురని మరొకరు రాశారు. పీడనం నష్టమని కొందరు తేలిస్తే, రెట్టింపు లాభమని ఇంకొందరు తేల్చారు.

ఈ వైరుధ్యాల్లో చాలావరకు పైపైవేనని ఈ వ్యాసం వాదన. షేల్ కాగినప్పుడు రెండు పనులు జరుగుతాయి. రాతిలోని సేంద్రియ పదార్థం విరిగి చమురు పుట్టడం మొదటిది. పుట్టిన చమురు రాతిలోంచి, కొలిమిలోంచి క్షేమంగా బయటపడడం రెండోది. మొదటిదాని మీద శాస్త్రానికి చాలావరకు ఏకాభిప్రాయం ఉంది. చివరికి చేతికొచ్చే చమురెంతో తేల్చేది మాత్రం రెండోదే. ఈ రెంటినీ కలగాపులగం చేసిన చోటల్లా గందరగోళం పుట్టింది.

రాతిలో ఏముంది

పేరులో ఆయిల్ ఉన్నా ఈ రాతిలో చమురు ఉండదు. ఉండేది కెరోజెన్. సరస్సుల అడుగునా సముద్రాల అడుగునా పేరుకున్న నాచు, సూక్ష్మజీవుల అవశేషాలు బురదతో కలిసి గట్టిపడగా ఏర్పడిన ఘనపదార్థమిది. ఏ సేంద్రియ ద్రావణిలోనూ కరగదు. పిండితే రాదు, నానబెడితే రాదు. దాని పెద్ద పెద్ద అణుజాలాన్ని వేడితో విరగ్గొట్టడమే దారి.

అన్ని షేళ్లూ ఒక తీరువి కావు. అమెరికాలోని కొలరాడో, యూటా, వ్యోమింగ్ రాష్ట్రాల గ్రీన్ రివర్ పొరలు సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి సరస్సుల అవక్షేపాలు. వాటిలో కార్బనేట్ ఖనిజాలు మెండు. అమెరికా భూగర్భ సర్వే అంచనాల ప్రకారం అక్కడి రాతిలో ఇమిడి ఉన్న చమురు 4 లక్షల కోట్ల పీపాలకు పైమాటే. ఎస్తోనియాలోని కుకర్సైట్ ఆర్డోవీసియన్ యుగపు సముద్రంలో పుట్టింది. అందులో సేంద్రియ పదార్థం ఎంత ఎక్కువంటే, ఆ దేశం దశాబ్దాల పాటు దాన్ని నేరుగా బాయిలర్లలో మండించి తన విద్యుత్తులో అధికభాగం తయారు చేసుకుంది. అమెరికా తూర్పు రాష్ట్రాల డెవోనియన్ షేళ్లలో హైడ్రోజన్ పాలు తక్కువ. ఒకే కొలిమిలో ఒకేలా వేడిచేసినా ఈ మూడూ మూడు రకాల ఫలితాలిస్తాయి. ఏదో ఒక షేల్ మీద తేలిన సంగతిని అన్నింటికీ అంటగట్టకూడదు.

మన పత్రికల్లో తరచూ కనబడే షేల్ గ్యాస్ వేరు, ఇది వేరు. కృష్ణా-గోదావరి బేసిన్ లోతుల్లోని కొమ్ముగూడెం షేల్‌ను భూమే కోట్ల సంవత్సరాలు వేడిచేసింది. అందులో గ్యాసు ఇప్పటికే పుట్టి ఉంది, పగుళ్లు కల్పించి దాన్ని బయటికి రప్పించడమే అక్కడి సమస్య. ఆయిల్ షేల్‌కు భూమి ఆ వేడి ఇవ్వలేదు. ఆ మిగిలిన పని మనిషి తలకెత్తుకోవాలి.

కొలబద్ద: 100 గ్రాములు, 500 డిగ్రీలు

ఈ రంగంలో ఏ ఫలితం చెప్పినా ఫిషర్ పరీక్షతో పోల్చి చెబుతారు. జర్మనీలో బొగ్గు పరిశోధన కోసం ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ష్రాడర్ రూపొందించిన పద్ధతిని అమెరికా గనుల శాఖ తర్వాత ఆయిల్ షేల్‌కు తగ్గట్టు మలిచింది. షేల్‌ను సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోపు నలగ్గొట్టి, 100 గ్రాములు తూచి, మూతపెట్టిన అల్యూమినియం రిటార్టులో పోస్తారు. నిమిషానికి 12 డిగ్రీల చొప్పున 500 డిగ్రీల సెల్సియస్‌కు తీసుకెళ్లి 40 నిమిషాలు అక్కడే నిలబెడతారు. బయటికొచ్చిన ఆవిరి మంచుతో చల్లబరిచిన గొట్టంలో చమురుగా, నీరుగా దిగుతుంది. రెంటినీ వేరుచేసి తూస్తారు. మిగిలిన రాతిని తూస్తారు. లెక్కకు తగ్గిన బరువును గ్యాసు కింద, నష్టం కింద రాస్తారు. మంచి గ్రీన్ రివర్ షేల్ టన్నుకు 100 లీటర్ల చమురు ఇస్తుంది.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఫిషర్ ఫలితం ఆ రాతిలోంచి రాగల గరిష్ఠ చమురు కాదు. ఒకానొక వేగం, ఒకానొక ముక్క పరిమాణం, బయటి నుంచి ఏ వాయువూ పంపని ఒకానొక వాతావరణం, వీటన్నింటి దగ్గర వచ్చిన చమురు మాత్రమే. అందుకే ఫిషర్ లెక్కలో నూటికి నూరు దాటిన ఫలితాలు కనబడితే అవి తప్పులని కొట్టిపారేయనక్కర్లేదు. రెండోది, పెట్రోలియం భూగర్భ శాస్త్రవేత్తలు ఎక్కువగా వాడే రాక్-ఎవల్ యంత్రం నిమిషానికి 25 డిగ్రీలతో, వాయుప్రవాహంలో, పదుల మిల్లీగ్రాముల పొడి మీద పనిచేస్తుంది. ఈ రెండు పరీక్షలు వేర్వేరు ప్రశ్నలు వేస్తాయి. వాటి జవాబులు తూచా తప్పకుండా కలవాలని ఆశించడమే పొరపాటు.

ఉష్ణోగ్రత ఒక్కటే చెబితే చాలదు

కెరోజెన్ ఒక్క అడుగులో చమురు కాదు. 1950లో అమెరికా గనుల శాఖకు చెందిన హబ్బర్డ్, రాబిన్సన్ కొలరాడో షేల్‌ను 400 నుంచి 525 డిగ్రీల మధ్య స్థిరమైన ఉష్ణోగ్రతల దగ్గర ఉంచి, ఎప్పటికప్పుడు బయటికి తీసి, ద్రావణిలో ఎంత కరుగుతుందో చూశారు. కెరోజెన్ ముందు బిట్యుమెన్ అనే మెత్తని, ద్రావణిలో కరిగే పదార్థంగా మారుతోంది. ఆ బిట్యుమెన్ మొదట పెరిగి, తర్వాత తరిగిపోతూ చమురు, గ్యాసు, రాతికి అంటుకునే కోక్‌గా విడిపోతోంది. నేటి నమూనాలన్నింటికీ ఈ మూడు మెట్ల చిత్రమే పునాది.

దీనికి నమ్మదగిన గణితాన్ని 1970ల చివర్లో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో క్యాంప్‌బెల్, ఆయన సహచరులు ఇచ్చారు. కొలరాడో షేల్‌లో చమురు పుట్టడానికి కావలసిన ఉత్తేజన శక్తి మోలుకు దాదాపు 219 కిలోజౌళ్లని వారు కట్టిన లెక్క. ఆ సమీకరణంలో ఉష్ణోగ్రతలు వేసి చూస్తే అసలు విషయం కళ్లకు కడుతుంది. 500 డిగ్రీల దగ్గర సగం చమురు పుట్టడానికి పట్టేది 15 సెకన్లు. 400 దగ్గర 40 నిమిషాలు. 350 దగ్గర 16 గంటలు. 300 దగ్గర దాదాపు 26 రోజులు. 400 డిగ్రీల పరిసరాల్లో ఒక్క 10 డిగ్రీలు పెంచితే వేగం ఒకటిన్నర రెట్లు దాటి పెరుగుతుంది.

కాబట్టి "ఆయిల్ షేల్ ఎన్ని డిగ్రీల దగ్గర విచ్ఛిన్నమవుతుంది?" అన్న ప్రశ్నకు కాలం చెప్పకుండా జవాబు లేదు. భూగర్భంలో చమురు సుమారు 100 నుంచి 150 డిగ్రీల మధ్యనే పుట్టగలిగిందంటే, ఆ పనికి కోట్ల సంవత్సరాల సమయం ఉండబట్టే. కర్మాగారానికి అంత ఓపిక లేదు గనుక 500 డిగ్రీలు కావలసి వస్తోంది.

వేడెక్కే వేగం: ఒక ప్రశ్న కాదు, మూడు

నిమిషానికి 5, 10, 20, 50 డిగ్రీల చొప్పున వేడిచేసి బరువు తరుగుదలను గీతలుగా గీసే ప్రయోగాలు ఈ రంగంలో కోకొల్లలు. వేగం పెంచిన కొద్దీ ఆ గీత కుడివైపుకు, అంటే ఎక్కువ ఉష్ణోగ్రత వైపుకు జరుగుతుంది. పైన చెప్పిన లివర్‌మోర్ లెక్క ప్రకారమే వేగం పది రెట్లయితే చమురు ఉధృతంగా పుట్టే ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు పైగా ముందుకు జరగాలి. ఇది రసాయన చర్య మారిందనడానికి గుర్తు కాదు. ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా గడిపే సమయం తగ్గింది, అంతే. ఈ జరుగుదలను చూసి చర్య స్వభావమే మారిందని తేల్చిన వ్యాసాలను జాగ్రత్తగా చదవాలి.

రెండో ప్రశ్న దిగుబడిది. మెల్లగా వేడిచేసినప్పుడు పుట్టిన చమురు తక్కువ ఉష్ణోగ్రతలోనే ఉంటుంది గనుక అందులోని బరువైన భాగం ఆవిరి కాలేదు. ద్రవంగా రాతి రంధ్రాల్లోనే మిగిలి, గంటల తరబడి కాగి, కొంత గ్యాసుగా, కొంత కోక్‌గా మారిపోతుంది. గంటకు ఒక డిగ్రీ దాకా వేగం తగ్గించి, పీడనం కూడా పెంచి లివర్‌మోర్‌లో బర్న్‌హామ్, సింగిల్టన్ చేసిన ప్రయోగాల్లో చమురు ఫిషర్ లెక్కలో సుమారు ముప్పావు వంతుకు పడిపోయింది. దీనికి మరో కొసన, సన్నని పొడిని వేడి ఇసుక లాంటి ప్రవాహ పడకలో పడేసి, పుట్టిన ఆవిరిని వెంటనే ఊడ్చేస్తే దిగుబడి ఫిషర్‌ను కొంత దాటుతుంది.

మూడో ప్రశ్న నాణ్యతది. ఇక్కడ తూకం తిరగబడుతుంది. తొందరగా బయటపడిన చమురులో ద్విబంధాలున్న ఆల్కీన్లు ఎక్కువ. అవి నిల్వలో జిగురు కడతాయి. బరువైన అణువులూ, నైట్రోజన్ సమ్మేళనాలూ అలాగే వచ్చేస్తాయి. గ్రీన్ రివర్ షేల్ చమురులో నైట్రోజన్ దాదాపు 2 శాతం. మామూలు ముడి చమురుతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. శుద్ధి కర్మాగారంలోని ఉత్ప్రేరకాలకు విషం. నెమ్మదిగా కాగిన చమురు ఈ బరువును రాతిలోనే కోక్‌గా వదిలేసి, తేలికగా, ఆల్కేన్లతో నిండి బయటికొస్తుంది. కొద్దిపాటి చలికి గడ్డకట్టదు కూడా. బయటికొచ్చిన గ్యాసులో ఎథిలీన్, ఈథేన్‌ల నిష్పత్తి చూసి అది ఏ వేగంతో కాగిందో అంచనా వేయగలిగేంత స్పష్టంగా ఈ తేడా ఉంటుంది.

"వేగం మంచిదా, నిదానం మంచిదా" అన్న తగువు ఇక్కడ తీరిపోతుంది. లీటర్లు లెక్కపెట్టేవాడికి వేగం మంచిది, శుద్ధి చేసేవాడికి నిదానం మంచిది. ఇద్దరూ సరిగ్గానే కొలిచారు.

ముక్క పరిమాణం: రసాయనాన్ని మింగేసే భౌతికం

షేల్ రాయి వేడిని మందకొడిగా ప్రసరింపజేస్తుంది. దాని ఉష్ణ వ్యాపన గుణకం సెకనుకు చదరపు మీటరులో 20 లక్షలవ వంతు ప్రాంతంలో ఉంటుంది. ఈ ఒక్క అంకె నుంచి చాలా సంగతులు రాబట్టవచ్చు. వేడి ఒక సెంటీమీటరు లోతుకు చేరడానికి 3, 4 నిమిషాలు. 10 సెంటీమీటర్లకు 5, 6 గంటలు. ఒక మీటరుకు మూడు వారాలకు పైన. 10 మీటర్లకు ఆరేళ్లు. దూరం పది రెట్లయితే కాలం వంద రెట్లవుతుంది.

దీన్ని ఇందాకటి రసాయన లెక్క పక్కన పెట్టి చూడండి. సెంటీమీటరు లోతున్న ముక్క 500 డిగ్రీల కొలిమిలో పడితే, అక్కడి రసాయన చర్యకు 15 సెకన్లు చాలు. వేడి లోపలికి చేరడానికి మాత్రం నిమిషాలు కావాలి. అంటే అక్కడ వేగాన్ని శాసించేది రసాయనం కాదు, వేడి ప్రయాణం. అదే ముక్క 400 డిగ్రీల దగ్గర ఉంటే రసాయనానికి 40 నిమిషాలు కావాలి, వేడి అంతకు ముందే చేరిపోతుంది. అక్కడ శాసించేది రసాయనం. పెద్ద ముక్కలు పెద్ద మంట మీద, నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప పైన మాడి లోపల పచ్చిగా మిగిలినట్టే అవుతాయి. నడిమధ్య పుట్టిన చమురు బయటికి రావాలంటే తనకన్నా వేడిగా ఉన్న పైపొరల్ని దాటి రావాలి. ఆ దారిలోనే కొంత విరిగి గ్యాసవుతుంది, కొంత కోక్ అవుతుంది.

షేల్ పొరలు పొరలుగా ఉండే రాయి. పొరల వెంబడి వేడి తేలిగ్గా సాగుతుంది, అడ్డంగా కష్టపడుతుంది. చమురు మెండుగా ఉన్న ముక్క కాగేటప్పుడు బిట్యుమెన్ మెత్తబడి, గ్యాసు ఒత్తిడికి రాయి పొరలు విడి ఉబ్బుతుంది, పగులుతుంది. ఆ పగుళ్లే చమురుకు దారులు. రాతిలో అసలు రంధ్రాలు లేవని ముందే లెక్కవేసుకుంటే ఫలితం తప్పుతుంది. రంధ్రాలను వేడే పుట్టిస్తుంది.

చిన్న పొరపాటు ఎంత దూరం పోతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఉష్ణమాపకం కొలిమి వేడిని చూపిస్తుంది, ముక్క లోపలి వేడిని కాదు. వేగంగా వేడిచేసినప్పుడు ఈ రెంటి మధ్య పదుల డిగ్రీల తేడా రావచ్చు. 10 డిగ్రీల తేడాకే చర్యా వేగం ఒకటిన్నర రెట్లు దాటి మారుతుందని పైన చూశాం. ఈ వెనుకబాటును లెక్కలోకి తీసుకోకపోతే ఉత్తేజన శక్తి కృత్రిమంగా తగ్గినట్టు కనిపిస్తుంది. హబ్బర్డ్, రాబిన్సన్ అంకెలను 1975లో బ్రౌన్, రోత్‌మన్ తిరిగి పరిశీలించినప్పుడు, నమూనా వేడెక్కడానికి పట్టిన తొలి సమయాన్ని లెక్కలో చేర్చాకే ఆ అంకెలు ఒక క్రమానికి వచ్చాయి.

పీడనం, వాయువు, నీరు

పీడనం మంచిదా చెడ్డదా అన్న తగువు కూడా విడదీసి చూస్తే విడిపోతుంది. జడవాయువు పీడనం పెంచితే చమురు ఆవిరి కావడం కష్టమవుతుంది. అది రాతిలో ఎక్కువసేపు నిలిచి కోక్ అవుతుంది, దిగుబడి తగ్గుతుంది. హైడ్రోజన్ పీడనం కథ వేరు. విరిగిన అణుఖండాలకు హైడ్రోజన్ అందితే అవి మళ్లీ అతుక్కుని కోక్ అయ్యే బదులు చమురుగా స్థిరపడతాయి. హైడ్రోజన్ కరువున్న డెవోనియన్ షేళ్లకు ఇది బాగా కలిసొచ్చింది. చికాగోలోని గ్యాస్ టెక్నాలజీ సంస్థ అభివృద్ధి చేసిన హైటార్ట్ పద్ధతిలో వాటి దిగుబడి ఫిషర్ కన్నా దాదాపు రెట్టింపయింది. సహజంగానే హైడ్రోజన్ మెండుగా ఉన్న గ్రీన్ రివర్ షేల్‌కు అంత లాభం రాదు. హైడ్రోజన్ ఖరీదు సంగతి సరేసరి.

నీరు మూడో పాత్రధారి. 1979లో లూవన్, ఆయన సహచరులు మూసిన పాత్రలో షేల్ ముక్కలను నీటితో కలిపి 300 డిగ్రీలకు పైన రోజుల తరబడి ఉంచారు. రాతిలోంచి తనంతట తాను బయటికి తేలిన చమురు సహజ ముడి చమురును పోలి ఉంది. పొడి రిటార్టు చమురులో దండిగా కనబడే ఆల్కీన్లు అందులో లేవు. అణుఖండాలు అడ్డదిడ్డంగా అతుక్కోకుండా నీరు ఆపుతోందని వారి వివరణ. భూమి లోపల నీరు ఎప్పుడూ ఉంటుంది గనుక సహజ చమురు పుట్టుకను అర్థం చేసుకోవడానికి ఈ పద్ధతి ఎంతో దగ్గరిది.

ఆవిరి విలువను స్కాట్లండ్ పనివాళ్లు అంతకు చాలా ముందే తెలుసుకున్నారు. 19వ శతాబ్దం చివరి నాటి వారి నిలువు రిటార్టుల్లో పైభాగం చమురు కోసం తక్కువ వేడిలో, కిందిభాగం ఆవిరితో ఎక్కువ వేడిలో నడిచేవి. కింద మిగిలిన రాతిలోని నైట్రోజన్ అమ్మోనియాగా వచ్చేది. దాన్ని ఎరువుగా అమ్మేవారు. ఒకే గొట్టంలో రెండు పనులకు రెండు ఉష్ణోగ్రతలు అన్న ఆలోచన అది.

రాయి కూడా ఊరుకోదు

షేల్‌లో అధికభాగం ఖనిజమే. వేడికి అదీ స్పందిస్తుంది. 400 డిగ్రీలు దాటాక పైరైట్ హైడ్రోజన్‌ను లాక్కుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. చమురుకు దక్కాల్సిన హైడ్రోజన్ పోవడమే కాక విషవాయువూ పుడుతుంది. బంకమన్ను ఖనిజాలు బరువైన చమురును పట్టి ఉంచి కోక్‌గా మారడానికి తోడ్పడతాయి.

అన్నింటికన్నా పెద్ద లెక్క కార్బనేట్లది. డోలమైట్ 550 డిగ్రీలు దాటాక, కాల్సైట్ 600 దాటాక విరగడం మొదలుపెడతాయి. టన్ను షేల్‌ను 500 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు 500 మెగాజౌళ్ల వేడి పడుతుంది. దాన్నుంచి వచ్చే 100 లీటర్ల చమురులో ఉండే శక్తి దాదాపు 3,700 మెగాజౌళ్లు. ఆ టన్నులో 400 కిలోల కాల్సైట్ ఉండి అదంతా విరిగిందనుకుంటే, దానికి మరో 700 మెగాజౌళ్లు ఖర్చవుతాయి. పైగా 176 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అంటే 500కూ 800కూ మధ్య కొలిమిని ఎక్కడ ఆపుతామన్నది చమురు ప్రశ్న మాత్రమే కాదు, వాతావరణం ప్రశ్న కూడా. చమురు 500 దగ్గరే పూర్తిగా వచ్చేస్తుంది. ఆ పైన ఎక్కే ప్రతి డిగ్రీకీ మూల్యం చెల్లించేది గాలి.

బరువు తరుగుదల ప్రయోగాలకు కూడా ఇది హెచ్చరిక. తగ్గిన బరువంతా చమురు కాదు. బంకమన్ను వదిలిన నీరు, కార్బనేట్లు వదిలిన వాయువు అందులో కలిసి ఉంటాయి. వాటిని విడదీయకుండా కట్టిన గతిశాస్త్రం కెరోజెన్‌ది కాదు, ఆ రాతి మొత్తానిది.

కర్మాగారాల తీర్పు

ప్రయోగశాలలో ఒక్కో అంశాన్నీ విడదీసి చూడగలం. కర్మాగారంలో అన్నీ కలిసి వస్తాయి. అందుకే రిటార్టుల చరిత్ర ఈ ప్రశ్న మీద జరిగిన అతి పెద్ద ప్రయోగం.

ఎస్తోనియాలోనే రెండు దారులు పక్కపక్కన నడుస్తున్నాయి. కివిటర్ పద్ధతిలో పెద్ద ముక్కలు నిలువు గొట్టంలో కిందికి దిగుతుంటే వేడి వాయువులు వాటి మధ్యగా సాగుతాయి. యంత్రం సరళం. కాని సన్నని పొడి వేస్తే వాయువు దారులు మూసుకుపోతాయి. ముక్కలు పెద్దవి కావడంతో లోపలి నష్టాలు తప్పవు. దిగుబడి ఫిషర్ లెక్కలో 75, 80 శాతం. గాలి కలవడం వల్ల గ్యాసు పలచబడుతుంది. గలోటర్ పద్ధతిలో నలగ్గొట్టిన షేల్‌ను, కాలిన షేల్ బూడిదతోనే, దాదాపు 800 డిగ్రీల వేడి బూడిదతో, తిరిగే పీపాలో కలుపుతారు. ముక్కలు చిన్నవి, వేడి నేరుగా తగులుతుంది, గాలి సోకదు. దిగుబడి 85, 90 శాతం, గ్యాసు చిక్కగా ఉంటుంది. రాతిలో మిగిలిన కోక్ కూడా బూడిదను వేడిచేసే ఇంధనమవుతుంది. అయితే చమురులో ధూళి చేరుతుంది, యంత్రం జటిలమవుతుంది. నార్వాలో 1980 నుంచి నడుస్తున్న ఈ పద్ధతి దశాబ్దాల సర్దుబాట్లతో కుదుటపడింది.

చైనాలోని ఫూషున్ రిటార్టులు చిన్నవి, చవకైనవి. కాని లోపలికి వచ్చే ఆక్సిజన్ కొంత చమురును కాల్చేస్తుంది గనుక దిగుబడి 65 శాతం దగ్గర ఆగింది. బ్రెజిల్‌లోని పెట్రోసిక్స్‌లో వేడి వాయువును బయట కాచి పంపుతారు, లోపల మంట ఉండదు. దిగుబడి 85, 90 శాతం. ఈ నాలుగింటిలోనూ చమురు పుట్టే ఉష్ణోగ్రత ఇంచుమించు ఒకటే. తేడా అంతా చమురు పుట్టాక దానికి ఎదురైన పరిస్థితులది.

పూర్తిగా ఎదురు దిశలో వెళ్లింది షెల్ సంస్థ. కొలరాడోలో రాతిని తవ్వకుండా, బావుల్లో విద్యుత్ హీటర్లు దించి, 340 నుంచి 370 డిగ్రీలకు ఏళ్ల తరబడి వేడిచేసే పద్ధతిని పరీక్షించింది. వేగం చాలా తక్కువైతే తక్కువ ఉష్ణోగ్రతే చాలునన్న రసాయనం అక్కడ నిజమని తేలింది. 2000ల మధ్యలో చిన్న స్థలంలో చేసిన ప్రయోగంలో 1,700 పీపాల తేలికపాటి చమురు వచ్చింది. బరువైన భాగం భూమిలోనే కోక్‌గా మిగిలిపోయింది. హీటర్లు ఒకదానికొకటి దగ్గరగా ఎందుకుండాలో, ఏళ్లు ఎందుకు పడతాయో పైన చూసిన వేడి ప్రయాణం లెక్కే చెబుతుంది. 10 మీటర్ల దూరమైతే ఆరేళ్లు. విద్యుత్తు ఖర్చు, భూగర్భజలాల్ని కాపాడడానికి చుట్టూ మంచుగోడ కట్టాల్సిన అవసరం తోడయ్యాయి. 2013లో షెల్ ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. అంతకుముందు 1982 మే 2న ఎక్సాన్ తన కాలనీ ప్రాజెక్టును ఒక్కరోజులో ఆపేసి 2,000 మందికి పైగా కార్మికుల్ని రోడ్డున పడేసిన సంగతిని ఆ ప్రాంతం ఇంకా నల్ల ఆదివారంగానే గుర్తుంచుకుంటుంది. రసాయనం నెగ్గినంత మాత్రాన ప్రాజెక్టు నెగ్గదని ఈ రెండూ చెబుతున్నాయి.

తేలాల్సినవి

కొన్ని ప్రశ్నలు నిజంగానే మిగిలి ఉన్నాయి. ఉత్తేజన శక్తికి ఒకే అంకె కాకుండా, వేర్వేరు బంధాలకు వేర్వేరు అంకెలున్న ఒక శ్రేణిని వాడడం ఇప్పుడు సాధారణమైంది. ప్రయోగశాలలో నిమిషాలతో కట్టిన ఆ శ్రేణిని భూగర్భపు కోట్ల ఏళ్లకు ఎంతవరకు సాగదీయవచ్చన్నది మొదటి ప్రశ్న. ఖనిజాల ప్రభావం రెండోది. ఆమ్లాలతో ఖనిజాలను కడిగేసి చేసిన ప్రయోగాలు పరస్పర విరుద్ధ ఫలితాలిచ్చాయి. ఆ కడగడమే కెరోజెన్‌ను ఎంతో కొంత మార్చేస్తుంది గనుక తేల్చడం కష్టం. రేడియో తరంగాలతో, మైక్రోవేవ్‌తో వేడిచేయడం మూడోది. వాటితో వేడి రాతి లోపలే పుడుతుంది గనుక ప్రయాణ సమయం సమస్య తగ్గుతుంది. కాని అలా కాగిన రాతిలో నిజమైన ఉష్ణోగ్రతను కొలవడం కష్టం. ఆ కొలత లేకుండా తరంగాలకే ఏదో ప్రత్యేక ప్రభావం ఉందని చెప్పే మాటలకు బలం లేదు.

ఇకపై ఈ రంగంలో ప్రయోగం చేసే ప్రతి ఒక్కరూ నాలుగు అంకెలు తప్పక ఇవ్వాలని నా అభిప్రాయం. ముక్క లోపలి ఉష్ణోగ్రత, ఆ ఉష్ణోగ్రత దగ్గర గడిపిన కాలం, పుట్టిన ఆవిరి కొలిమిలో నిలిచిన సమయం, చమురు-గ్యాసు-నీరు-కోక్ నాలుగింటినీ కలిపిన బరువు లెక్క. ఈ నాలుగు లేని ఫలితాన్ని మరో ఫలితంతో పోల్చలేం. పోల్చలేని ఫలితాలు ఎన్ని పోగుపడినా విజ్ఞానం పెరగదు.

ఈ మాట మన దేశానికీ వర్తిస్తుంది. అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బొగ్గు పొరలతో పాటు ఆయిల్ షేల్ ఉంది. దాని గురించి మాట వచ్చినప్పుడల్లా టన్నుకు ఎన్ని లీటర్లన్న ఒక్క అంకె ముందుకొస్తుంది. ఆ అంకె ఏ వేగంతో, ఏ ముక్కలతో, ఏ వాయువులో వచ్చిందో అడగాలి. ఆ లీటరు కోసం ఎంత వేడి పోశారో, ఎంత కార్బనేట్ విరిగిందో, ఎన్ని నీళ్లు పోశారో, మిగిలిన బూడిద ఎక్కడికి పోతుందో కూడా అడగాలి. ఎస్తోనియా ఈశాన్యంలో గుట్టలుగా పేరుకున్న బూడిద, వ్యర్థాలు ఆ చివరి ప్రశ్నను ఆలస్యంగా అడిగినందుకు చెల్లించిన మూల్యం. యంగ్ పేటెంటు నాటి నుంచి నేటి దాకా శాస్త్రం చెబుతున్నది ఒక్కటే: ఒక షేల్ ఇచ్చే చమురు దాని స్వభావంలో రాసిపెట్టి ఉన్న స్థిరాంకం కాదు, మనం వేడిచేసే తీరు ఇచ్చే జవాబు. ఆ తీరును ఎంచుకునేది మనం గనుక, దాని లాభంతో పాటు నష్టానికీ బాధ్యులం మనమే.